పర్మిట్ లేని మట్టి

"ఇకమీదట ఈ పట్టణంలో ఏ ఇంటి ఆవరణలోకైనా గుప్పెడు మట్టి రావాలన్నా, పోవాలన్నా నా సంతకం ఉండాల్సిందే!" అని మున్సిపల్ ఛైర్మన్ గారు మైకులో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్లూ మట్టి అడ్డూ అదుపూ లేకుండా తిరుగుతున్న సంగతి చాలామందికి ఆ రోజే తెలిసింది.

మూడో రోజు వాన పడింది. వాన ఆ ప్రకటన విన్నట్టు లేదు. మెట్ట మీదున్న రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ గారి పెరడు సగం జారి, కింద దర్జీ దుకాణం తలుపుకి నడుమెత్తున అడ్డం పడింది. లోపల మిషనుంది, అరవై నాలుగు జతల బడి యూనిఫారాలున్నాయి. గుండీలు కుడితే చాలు. సోమవారం బడి తెరుస్తారు.

దర్జీ పార అందుకోగానే మట్టి ఇన్‌స్పెక్టర్ దిగాడు. కొత్త ఉద్యోగం, కొత్త టేపు.

"ఆగండాగండి! ఎక్కడికి తీస్తున్నారు?"

"పోస్ట్‌మాస్టర్ బాబాయికి తిరిగిచ్చేస్తానండి. ఆయనదే."

"ఇచ్చెయ్యరా నాయనా, నా గోడ గాల్లో వేలాడుతోంది!" అని పైనుంచి బాబాయి కేకేశాడు.

ఇన్‌స్పెక్టర్ ఇద్దరినీ జాలిగా చూశాడు. "బయటికి పంపాలంటే ముందు లోపలికి వచ్చినట్టు పర్మిట్ ఉండాలి. రికార్డు ప్రకారం ఈ మట్టి ఇంకా రానే లేదు. రానిదాన్ని ఎలా పంపుతారు?"

దర్జీకి అందులో తప్పు కనిపించలేదు. అదే అతన్ని భయపెట్టింది.

"పోనీ నేను బకెట్‌తో కొంచెం కొంచెం తీస్తాను. తలుపు తెరుచుకుంటే చాలు" అంది దర్జీ భార్య.

"మోసుకెళ్లేది ఏదైనా వాహనం కిందికే వస్తుందమ్మా. బకెట్‌కి లైసెన్స్ ఉందా?"

ఆమె బకెట్‌ని చీర చాటుకి లాక్కుంది.

మట్టి రాకకి పర్మిట్ కోసం దర్జీ అర్జీ పెట్టాడు. 'మట్టి ఏ కారణం మీద వచ్చింది' అన్నచోట 'వాన' అని రాస్తే, వాన గుర్తింపు పత్రం జతచేయమన్నారు. 'ఇష్టపడి' అని మార్చాక ఫైలు చకచకా కదిలింది. పట్టణంలోనే తొలి పర్మిట్ కాబట్టి, సోమవారం ఉదయం ఛైర్మన్ గారు స్వహస్తాలతో ఇస్తారని కబురొచ్చింది. ఆ వెంటనే మట్టి తీసేయొచ్చని దర్జీ పొంగిపోయాడు.

సోమవారం షామియానా వేశారు. ఛైర్మన్ గారు పర్మిట్ ఇచ్చి, పచ్చజెండా ఊపారు. నిండు లారీ ఒకటి వెనక్కి వచ్చి, దుకాణం తలుపు దగ్గరే మట్టి దింపింది.

"ఇదేంటండీ?" అన్నాడు దర్జీ.

"పర్మిట్ ఇచ్చాకే కదా మట్టి రావాలి!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ముందొచ్చింది చెల్లదు."

"మరి పోవడానికో?"

"ఆ విభాగం ఇంకా తెరవలేదు. మంత్రిగారి టైం అడిగాం."

చప్పట్లు కొట్టడానికి బడిపిల్లల్ని తెచ్చారు. ఒకడు ఎర్ర చొక్కా, ఒకడు నీలం, ఒకడు వాళ్లన్నయ్య చొక్కా. ఛైర్మన్ గారి ప్రసంగం ఆగిపోయింది.

"పసిపిల్లలకి యూనిఫారం ఏదీ? ఎవడా దర్జీ? ఇప్పుడే నోటీసివ్వండి!"

నోటీసు దుకాణం తలుపుకే అంటించాలని రూలు. క్షణంలో నలుగురు కూలీలు, నాలుగు పారలు వచ్చాయి. పావుగంటలో తలుపు బయటపడింది. దర్జీ తాళంచెవి పట్టుకుని పరుగెత్తాడు.

"ఒక్క నిమిషం బాబూ! గుండీలు తర్వాత కుడతా, బట్టలు తెచ్చి ఇక్కడే పిల్లలకిచ్చేస్తా!"

"నోటీసు అంటించిన తలుపు తెరవకూడదండీ" అన్నాడు ఇన్‌స్పెక్టర్, జిగురు సరిచూసుకుంటూ. తర్వాత టేపుతో కొలిచి, తీసిన మట్టినంతా ఒక్క పార కూడా తేడా రాకుండా తిరిగి పోయించాడు.

"మూడు రోజుల్లో చదివి జవాబివ్వండి" అని చెప్పి జీపెక్కాడు.

"ఏం రాశారండీ అందులో?" అంది భార్య.

దర్జీ మట్టికేసి చూశాడు.

"మొదటి లైను చదివేలోపే పోసేశారే."