మా ఊరి తాళం, మా ఇంటి మైనం

ఊరు ఆరోగ్యంగా ఉండాలంటే ముందు చేయాల్సిన పని ఒకటే. ఆ ఊరి ఆస్పత్రికి తాళం వేయాలి!

నవ్వకండి. ఏడాది నిండబోయే పాపను చంకలో వేసుకుని, బాగా ఆలోచించే రాస్తున్నాను. మా ఊరు చెన్నేకొత్తపల్లి దగ్గర, హైవే దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. ఊరి మొదట్లోనే ఒక గది, ఒక వరండా, ఒక బోర్డు ఉన్న ఆరోగ్య ఉపకేంద్రం. రెండేళ్లుగా దానికి తాళం. మనిషి అలికిడి లేదు, కరెంటు లేదు. ఇంత ప్రశాంతమైన చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ సంగతి తేనెటీగలు కనిపెట్టాయి. తలుపు పక్కనున్న ఖాళీ మీటరు పెట్టెలో కాపురం పెట్టాయి.

తెరిచిన ఆస్పత్రి ఇచ్చేది ఏముంది? రెండు మాత్రలు, ఒక సూది. మూసిన ఆస్పత్రి తేనె ఇస్తుంది, మైనం ఇస్తుంది! పొగ పెట్టి, ఈగలకు కొంత వదిలి, తుట్టె కోసేది మా ఈరన్న మామ కాబట్టి తేనె ఆయనది. పిండిన పిప్పి నాది. దాన్ని వేడినీళ్లలో కరిగించి, పాత పంచెగుడ్డలో వడకట్టి చల్లారనిస్తే పైన పచ్చటి బిళ్ల తేలుతుంది. అదే అసలైన తేనెమైనం. దీన్నే ఆర్గానిక్ అని డబ్బాలో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారట. మాకైతే తాళంతో సహా ఫ్రీ!

దీని ఉపయోగాలు వింటే మీరూ మీ ఊళ్లో తాళం వేయించుకుంటారు.

కాళ్ల పగుళ్లకు దీన్ని మించింది లేదు. కొబ్బరినూనెలో ఇంత కరిగించి పడుకునే ముందు రాసుకుంటే మడమలు మెత్తబడతాయి. నా మడమలు ఎందుకు పగిలాయంటారా? పాపకు తొమ్మిదో నెలలో పడాల్సిన తట్టు సూది కోసం పెనుకొండ పోవాలంటే హైవే దాకా నడవాలి కదా! ఆస్పత్రి తెరిచి ఉంటే మడమలు పగిలేవే కావు. ఇంత మంచి మందు వృథా అయ్యేది కాదా?

చెప్పు తెగిందా? దారానికి మైనం పట్టించి కుట్టండి. చెప్పు అరుగుతుందిగానీ కుట్టు ఊడదు. నా చెప్పుకు మూడు కుట్లున్నాయి. రెండు పెనుకొండ పోయినప్పటివి, ఒకటి తిరిగి వచ్చినప్పటిది.

నుదుట మైనం రాసి కుంకుమ పెట్టుకోవడం మా అవ్వల నాటి పద్ధతే. స్టిక్కర్ బిళ్ల చెమటకు జారిపోతుంది. మైనం మీది కుంకుమ ఎండలో రెండు గంటలు బస్సు కోసం నిలబడినా చెక్కుచెదరదు. నేను పరీక్షించి చూశాను.

పాప సూదుల కార్డు దాచే గుడ్డసంచికి కూడా మైనం పూశాను. మొదటిసారి పోతే "సూది బుధవారమేనమ్మా, ఈరోజు గురువారం" అన్నారు. రెండోసారి దారిలోనే పాపకు ఒళ్లు కాలిపోయింది, భయపడి వెనక్కి తెచ్చేశాను. పైగా వాన. అయినా కార్డు మీద ఒక్క చుక్క పడలేదు! సూది వేసినట్టు రాయాల్సిన గడి ఎంత తెల్లగా, ఎంత ఖాళీగా, ఎంత శుభ్రంగా ఉందో!

మా అక్క పుష్పావతిని చూస్తే నాకు జాలి. ఆమెను బత్తలపల్లి పక్క ఇచ్చారు. ఆ ఊళ్లో తాళం రోజూ తీస్తారట! పాపం, పిల్లలకు సూదులన్నీ అయిపోయాయిగానీ ఇంట్లో గోరంత మైనం లేదు.

ఆమధ్య మా వెనక వీధిలో ఒక బిడ్డకు ఒళ్లంతా తట్టు పోసింది. అప్పటినుంచి పాపను దోమ కుట్టినా వెలుతురులోకి తీసుకుపోయి చూస్తున్నాను. ఉయ్యాల గొలుసు కిర్రుమంటే పాప ఉలిక్కిపడుతోందని దానికీ మైనం రాశాను.

"ఉయ్యాలకు పూసినావు, తలుపుకు పూసినావు. ఇంక నా మోకాళ్లు మిగిలినాయి, పూయి" అంది మా అత్త.

"అవీ కిర్రుమంటాండాయా అత్తా?"

"అవి కాదు. నువ్వు బుధవారం బుధవారం అని గొణుగుతాంటే నా చెవులు కిర్రుమంటాండాయి!"

పోయిన నెల ఒక బుధవారం వింత జరిగింది. మూడు ఊళ్లకు ఒక్కతే అయిన నర్సమ్మ ఉషారాణి, ఐసు పెట్టె తగిలించుకుని స్కూటీ మీద దిగింది. తాళంలో చెవి పెట్టింది. తిరగలేదు. రెండేళ్ల తుప్పు మరి!

"ఇది రాదమ్మా. ఇంగా రెండూర్లకు పోవల్ల, టైమవుతాండాది" అంటూ పెట్టె మళ్లీ భుజానికి ఎత్తుకుంది.

పాపను అత్త చేతిలో పెట్టి ఇంటికి పరుగెత్తాను. మడమలకని నూనెలో కరిగించి పెట్టుకున్న మైనం డబ్బా తెచ్చాను. చెవికి పూయడం, తిప్పడం, తీయడం, మళ్లీ పూయడం. నాలుగోసారికి టక్కుమంది!

అప్పుడు నర్సమ్మ మీటరు పెట్టె వైపు చూసింది. "అమ్మో, ఈగలు! ముందు వీటిని తీపియ్యండి. అప్పుడొచ్చి ఏస్తా."

ఈరన్న మామ ముందుకొచ్చాడు. "ఏమ్మా, ఈగల్ని తీస్తే మైనం యాడిది? మైనం లేకుంటే బీగం ఎట్ల వస్తాది? బీగం రాకుంటే నువ్వు యాడ కూచ్చుంటావు? రెండేండ్లుగా ఈడికి దినామూ డ్యూటీకి వచ్చేది అవే కదమ్మా!"

నర్సమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "సరేలే, బిడ్డను ఇట్ల తీసుకురా" అని గడపలోనే కూర్చుని సూది వేసింది. పాప ఊరంతా వినబడేలా ఏడ్చింది. అంత తీయటి ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

పోతూ పోతూ తలుపు మూసి, తాళం వేసి, చెవి బ్యాగులో వేసుకుంది.

తర్వాతి సూది పదహారో నెలలో అని కార్డు మీద రాసిచ్చింది. అందుకే ప్రతి బుధవారం పొద్దున్నే నేను పోయి ఆ తాళానికి మైనం రాసి వస్తున్నాను. ఇప్పటికి నాలుగు బుధవారాలు. తుప్పు చుక్క లేదు. చెవి తగిలితే చాలు, తెరుచుకుంటుంది.

తగిలించేవాళ్లు రావడమే తరువాయి.