గడ్డకు ఇంటిపేరు

పురుషోత్తంగారి మీద కామేశ్వరమ్మకు ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆయనతో బస్సెక్కితే పక్కసీటు మనిషి ముత్తాత దాకా ప్రయాణం చేయాల్సి వస్తుంది. బందరులో "మీదే ఊరండీ?" అని మొదలుపెడితే గుడివాడ వచ్చేలోగా ఇంటిపేరు, మేనమామ ఉద్యోగం, తాతగారి రెండో సంబంధం అన్నీ బయటపడాల్సిందే. తేలిన వివరాలను బట్టి ఆయన సీట్లో కొంచెం దగ్గరికో, కొంచెం దూరంగానో జరుగుతారు. దీన్ని లోకజ్ఞానం అంటారాయన.

అంతటివారి మెడ మీద ఓ గడ్డ ఊరూ పేరూ చెప్పకుండా వచ్చి కూర్చుంది. ముక్క తీసి చూస్తే క్యాన్సరు. అయితే పుట్టింది అక్కడ కాదట, ఇంకెక్కడి నుంచో వచ్చిందట. స్కానింగులు తీశారు, గొంతులోకి కెమెరా దించారు. మొదలు దొరకలేదు. అది తెలిస్తేనే సరైన వైద్యం చేయగలమని డాక్టరు కల్పనగారు చెప్పారు.

వెంటనే బంధువర్గం దర్యాప్తు సంఘమైంది. అధ్యక్షస్థానం అలంకరించిన పురుషోత్తంగారి అక్కగారు నివేదిక సమర్పించారు: "మా వైపు ఏడు తరాల్లో లేదు. ఇది నాగాయలంక నుంచి వచ్చిందే." నాగాయలంక కామేశ్వరమ్మ పుట్టిల్లు. మొగుడి మెడలో గడ్డకి పెళ్ళాం పుట్టిల్లు ఎలా కారణమని సభలో ఎవరూ అడగలేదు. సభామర్యాద.

ముక్కకు జన్యుపరీక్ష చేయిస్తే అది ఏ అవయవానిదో తెలియవచ్చన్నారు కల్పనగారు. పురుషోత్తంగారు అడ్డం తిరిగారు.

"జన్యువులంటే వంశం. మా వంశం గుట్టు ముక్కూమొహం తెలియనివాడెవడో విప్పి చూడ్డమేమిటి?"

"బస్సులో మీరు విప్పేవాళ్ళ ముక్కూమొహం మీకు తెలుసాండీ?" అంది కామేశ్వరమ్మ, బీరకాయ చెక్కు తీస్తూ.

ఆయన మొండికేశారు గానీ గడ్డ మొండికేయలేదు. ఉసిరికాయంతది నిమ్మకాయంతయింది. ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"వాళ్ళు అడిగేది గడ్డ ఇంటిపేరు, మీది కాదు. మిమ్మల్ని పోగొట్టుకోవడం నా వల్ల కాదు. ఒప్పుకోండి."

ఒప్పుకున్నారు. రిపోర్టు గొంతువైపు చూపించింది. మళ్ళీ కెమెరా దించి వెతికితే నాలుక మొదట్లో, ఓ మూల, శనగగింజంత దొరికింది. నయమయ్యేదేనన్నారు కల్పనగారు. కొన్నాళ్ళు మాటలు తగ్గించాలనీ అన్నారు. ఆ ఒక్క మాటా కామేశ్వరమ్మ రెండోసారి చెప్పించుకుంది.

"నాలుక మాత్రం నాగాయలంకది కాదండీ వదినగారూ," అని ఫోనులో తెలియజేసింది.

వీళ్ళ ఇంటిపేరు ఇంతవరకూ చెప్పలేదేమని మీకు అనిపిస్తే కంగారు పడకండి, అందరికీ అనిపిస్తుంది. వైద్యం మొదలయ్యాక ఓ రోజు ఆస్పత్రి బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దమనిషికీ అనిపించింది.

"తమరిదే ఊరండీ? ఇంటిపేరూ?"

పురుషోత్తంగారు అలవాటుగా దగ్గరికి జరగబోయి ఆగారు. మెడ తడుముకుని, మిగిలిన గొంతుతో, పెద్దమనిషికీ వినపడేలా భార్యతో అన్నారు:

"తప్పు నాదేనే కామేశ్వరీ. ఊరడగాల్సింది ఈ గడ్డని. ఇన్నాళ్ళూ జనాన్ని అడుగుతూ కూర్చున్నాను."

ఇంటిపేరు తేలనందున, పెద్దమనిషి ముందుజాగ్రత్తగా కొంచెం దూరం జరిగాడు.