వెనక సీటు కింద

అత్తామామలు పెద్దకూతురి ఊరి నుంచి పదకొండు గంటల రైలుకు దిగుతారు. ఈలోగా మావగారి కారు ఒకసారి తుడిచి, స్టేషనుకు తీసుకెళ్తే చాలనుకున్నాడు అల్లుడు. కవరు లాగాడు. తలుపు తెరిచాడు.

స్టీరింగుకు ఆకుపచ్చ నూగు. సీట్ల నిండా తెల్లటి బూజు. తడి గోనెసంచి వాసన.

"వానాకాలమంతా గట్టిగా కప్పే ఉంచానే!" అన్నాడు భార్యతో.

"అందుకే పట్టింది. అద్దాలు కాస్త దించి ఉంచమని నాన్న చెప్పలేదూ? నాకంటే ఈ కారునే ముద్దుగా చూసుకున్నాడాయన. మిమ్మల్ని నమ్మి మొదటిసారి ఓ వస్తువు అప్పగించాడు."

ఆ నమ్మకానికి మచ్చ రాకూడదు. ముక్కుకు గుడ్డ కట్టాడు, చేతులకు తొడుగులేశాడు. వెనిగర్ కలిపిన నీళ్లతో రుద్దాడు. ముందు సీట్లు తేరుకున్నాయి. వెనక సీటు మాత్రం అడుగంతా తడి. ఊడబీకి తీసుకెళ్లి ఎదురుగా పిట్టగోడ మీద ఎండబెట్టాడు.

అంతలోనే చినుకులు. సీటు నెత్తిన పెట్టుకుని ఇంటివైపు పరుగెత్తాడు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. రైలు పుట్టి బుద్ధెరిగాక ముందుగా వచ్చింది ఈ ఒక్కరోజే. మావగారు దిగి చూశారు. తన కారు తలుపులన్నీ బార్లా. వెనక సీటు లేదు. దాన్ని నెత్తిన పెట్టుకుని ముఖానికి గుడ్డ కట్టిన మనిషొకడు పరుగు!

"దొంగ! పట్టుకోండి!" గొడుగు లేచింది.

"మావయ్యగారూ, నేనే! మీ అల్లుణ్ణి!"

ఏం లాభం? ఆయన చెవి మిషను మూడు నెలల కిందటే, ప్రయాణానికి ముందురోజు, కనబడకుండా పోయింది. గుడ్డ తీద్దామంటే రెండు చేతులూ సీటుకే. వదిలితే సీటు బురదపాలు. వదలకపోతే వీపు విమానం మోత. అల్లుడు వీపునే వదులుకున్నాడు.

భార్య పరుగెత్తుకొచ్చి ముఖం మీది గుడ్డ లాగేసింది. గొడుగు గాల్లోనే ఆగింది.

"మీరా? అయ్యయ్యో, అల్లుడుగారూ!"

ఈలోగా అత్తగారు బోసిపోయిన కారులోకి తొంగిచూసి కెవ్వుమన్నారు. సీటు ఉండాల్సిన చోట, సందులో ఇరుక్కుని చిన్న పొట్లం. విప్పితే చెవి మిషను!

"అరిచి అరిచి నా గొంతు పోయింది. దీనికోసం కారంతా విప్పేశావా బాబూ? కన్నకొడుకైనా ఇంత చేస్తాడా! నీ మేలు మర్చిపోలేను."

అల్లుడు నిజం చెప్పబోయాడు. భార్య జబ్బ మీద గిల్లింది. మావగారు ఎందుకో చూపు పక్కకు తిప్పుకున్నారు. కొత్త బ్యాటరీ వేసి ఆయన చెవికి తగిలించి, అత్తగారు మూడు నెలల కబుర్లు మొదటినుంచీ మొదలుపెట్టారు.

సాయంత్రం మావగారు కారు చుట్టూ తిరిగారు. ఓ మూల మిగిలిన బూజు మీద వేలు పెట్టారు.

"అన్ని దెబ్బలు తిని కూడా సీటును కింద పెట్టలేదు నువ్వు," అన్నారాయన. "కారు నీ దగ్గరే ఉండనీ."

అల్లుడి కళ్లు చెమర్చాయి. వీపు నొప్పి కూడా తీపిగానే ఉంది.

మావగారు ఇంటివైపోసారి చూసి గొంతు తగ్గించారు. "ఒక్క మాట. ఇకమీదట ఇందులో ఏం దొరికినా ముందు నాకు చెప్పు."

పోయిన మిషను తనంతట తాను ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని, పైన రబ్బరు బ్యాండు ఎలా వేసుకుందని ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ అడగలేదు.