ఓటమి ఎరుగని సుబుద్ధయ్య

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీరు పెరుగుతున్న చోట ఇలాంటి అడవీ లేదు, ఈ కథ చెప్పేవాళ్ళూ లేరు. అందుకని మొదటినుంచీ, ఏదీ దాచకుండా చెప్పాలి. ఇందులో గుద్దులాట ఉంది. కానీ భయపడకండి, ఎవరికీ పెద్ద దెబ్బలు తగలవు. ఒక్క ఎలుగుబంటి చెయ్యి మాత్రం వాస్తుంది. అదీ తర్వాత తగ్గిపోతుంది.

ఒక పెద్ద అడవిలో ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో గుద్దులాట పోటీలు జరిగేవి. కొమ్ములున్నవాళ్ళది ఒక విభాగం. రెక్కలున్నవాళ్ళది ఒక విభాగం. కొమ్ములూ రెక్కలూ లేని నాలుగు కాళ్ళవాళ్ళది ఇంకో విభాగం. పులి మాత్రం ఏ విభాగంలోనూ లేడు. ఆయన గౌరవాధ్యక్షుడు. గౌరవాధ్యక్షుడితో గుద్దులాడాలని ఎవరికీ ఎప్పుడూ అనిపించలేదు.

పద్ధతి ఇది. నేల మీద గుండ్రంగా గీత గీస్తే అదే బరి. గోళ్ళకూ కోరలకూ బూరుగుదూది చుట్టుకోవాలి. ముందు ఎవరు గీత దాటితే వాళ్ళు ఓడినట్టు. గెలిచినవాళ్ళు ఛాంపియన్.

ఛాంపియన్ అంటే ఉత్త పేరు కాదు. వేసవిలో కొమ్ములవాళ్ళు దూరపు చెరువుకు వలసపోయేవారు. రెక్కలవాళ్ళు ఎక్కడికైనా ఎగిరిపోయేవారు. నాలుగు కాళ్ళవాళ్ళకు మిగిలేది కొండ మీద రాతిగుంటలో నిలిచిన నీళ్ళే. ఆ దొనలో ముందుగా ఛాంపియన్ కుటుంబం తాగాలి. తర్వాతే మిగతావాళ్ళు. వాళ్ళ వంతు వచ్చేసరికి నీళ్ళు పోయి బురద మిగిలేది.

అడవిపంది వరాలమ్మకు బురదంటే ఇష్టమే. పొర్లడానికి. తాగడానికి కాదు. పోయిన వేసవిలో ఆ బురదనీళ్ళు తాగి ఆమె పిల్లలన్నీ కడుపు పట్టుకుని రోజుల తరబడి మూలిగాయి. ఈసారి ఏమైనా సరే, పిల్లల చేత ముందు నీళ్ళు తాగించాలని ఆమె పట్టుబట్టి కూర్చుంది.

అప్పటి ఛాంపియన్ ఎలుగుబంటి భల్లన్న. భల్లన్న కుటుంబం తాగగానే, మిగతా అందరికంటే ముందు, 'నీళ్ళ నాణ్యత పరిశీలన' పేరుతో నక్క సుబుద్ధయ్య కడుపు నిండా తాగేవాడు. ర్యాంకుల కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. ఛాంపియన్‌తో తలపడే హక్కు నంబర్ వన్ ర్యాంకు ఉన్నవాళ్ళకే. ఆ ర్యాంకు ఇచ్చేది కమిటీ.

కమిటీలో మిగతా సభ్యులు ఇద్దరు. అందరి రికార్డులూ నోటికి వచ్చిన చిలకమ్మ ఒకరు. తొండ ఇంకొకరు. తొండకు తల ఊపే అలవాటు పుట్టుకతోనే ఉంది కాబట్టి ఏకగ్రీవానికి ఎప్పుడూ లోటు రాలేదు.

పోటీలకు ముందు కమిటీ కూర్చుంది. వరాలమ్మ పిల్లల్ని వెంటేసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"చిలకమ్మా, వరాలమ్మ రికార్డు చెప్పు," అన్నాడు సుబుద్ధయ్య.

"ముళ్ళపందిని గెలిచింది. రేచుకుక్కను గెలిచింది. కొండముచ్చును గెలిచింది. ఉడుమును రెండుసార్లు గెలిచింది. భల్లన్న చేతిలో ఓడింది. భల్లన్న చేతిలో ఓడింది."

"ఒకే మాట రెండుసార్లు చెబుతావేం?"

"రెండుసార్లు ఓడింది బాబూ."

సుబుద్ధయ్య మీసం దువ్వుకున్నాడు. "వివరంగా చూద్దాం. ముళ్ళపందికి ఆ రోజు జలుబు. రేచుకుక్క ఒంటరిగా వచ్చింది, గుంపు లేని రేచుకుక్క రేచుకుక్కే కాదు. కొండముచ్చు గీత దాటిన మాట నిజమే, కానీ మేడిపండు కోసం దాటాడు."

"మరి ఉడుము సంగతేమిటి అన్నయ్యగారూ?" అంది వరాలమ్మ.

"ఉడుమును రెండుసార్లు గెలవడమేమిటమ్మా? మొదటిసారి సరిగ్గా గెలవలేదనేగా?"

తొండ తల ఊపింది.

"భల్లన్న చేతిలో మొదటిసారి ఓడినప్పుడు నేను నిండు చూలాలిని."

"నేనూ అదే అంటున్నాను. బరిలోకి ఒక్కరే దిగాలని నియమం. నువ్వు ఇంటిల్లిపాదినీ కడుపులో పెట్టుకుని దిగావు. అంతమంది కలిసి కూడా ఒక్కణ్ణి గెలవలేకపోయారు."

"రెండోసారి మా చిన్నది ముళ్ళకంపలో ఇరుక్కుని అరిచింది. అందుకని గీత దాటి పరుగెత్తాను."

"రికార్డులో ముళ్ళకంప ఉండదమ్మా. ఓటమే ఉంటుంది."

ఆ రోజు వరాలమ్మ పరుగెత్తకపోతే ఏమయ్యేదో సుబుద్ధయ్యకు బాగా తెలుసు. భల్లన్న మడమ అప్పటికే గీతకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. మూడోసారి వీళ్ళిద్దరూ తలపడితే తన నాణ్యత పరిశీలనకు నీళ్ళొదులుకోవాల్సిందే.

"అసలు మన పద్ధతే తప్పు," అన్నాడాయన లేచి నిలబడి. "ఇన్నాళ్ళూ గెలుపులు లెక్కపెట్టాం. గెలుపుదేముంది? జలుబు వల్లా వస్తుంది, మేడిపండు వల్లా వస్తుంది. ఓటమి లేకపోవడం ఒక్కటే స్వచ్ఛమైనది. ఇకనుంచి..."

మాట పూర్తి కాకముందే తొండ తల ఊపింది.

"చిలకమ్మా, ఈ విభాగంలో ఒక్క ఓటమీ లేనివాళ్ళు ఎవరు?"

"ఇద్దరున్నారు బాబూ. ఒకరు తాబేలు డిప్పయ్య తాత. ఇంకొకరు..."

"ఒకరు చాలు, ఒకరు చాలు!" సుబుద్ధయ్య గబగబా అడ్డుపడ్డాడు. "డిప్పయ్యగారు ఎన్ని గెలిచారు?"

"ఒక్కటీ లేదు."

"ఎన్ని ఓడారు?"

"ఒక్కటీ లేదు."

"ఎన్ని ఆడారు?"

"ఒక్కటీ లేదు."

"ఆహా! ఎంత మచ్చలేని రికార్డు!" అని సుబుద్ధయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "డిప్పయ్యగారే నంబర్ వన్!"

వరాలమ్మ పిల్లలు తల్లి మొహం చూసి, ఏదో తప్పు చేసినవాళ్ళలా ఒకదాని వెనక ఒకటి నక్కాయి.

డిప్పయ్య కొండ కింద ఎండుటాకుల్లో కునుకు తీస్తున్నాడు. ఆయన బరిలోకి నడిచి వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేక, ఆయన చుట్టూనే బరి గీశారు.

"ఎందుకు నాయనా ఈ గీతలు?" అన్నాడు డిప్పయ్య.

"తమరు పోటీకి వచ్చారు తాతా," అన్నాడు సుబుద్ధయ్య.

"నేనెక్కడికీ రాలేదే!" అని డిప్పయ్య తలా కాళ్ళూ లోపలికి లాక్కున్నాడు.

భల్లన్న నవ్వుకుంటూ వచ్చి ఒక్కటి గుద్దాడు. దూదిలోంచి కూడా 'ఠక్' మని వినిపించింది. డిప్పయ్య కదల్లేదు. జనం నవ్వారు. భల్లన్నకు పౌరుషం వచ్చింది. బలమంతా కూడదీసుకుని మళ్ళీ గుద్దాడు.

"ఓలమ్మో!" అని చెయ్యి పట్టుకుని గెంతాడు. గెంతుతూ గెంతుతూ గీత అవతలికి పోయాడు.

అందరూ నోళ్ళు తెరిచారు.

"భల్లన్న గీత దాటాడు. భల్లన్న గీత దాటాడు," అంది చిలకమ్మ.

"రెండుసార్లా?" అన్నాడు సుబుద్ధయ్య నీరసంగా.

"ఒక్కసారే బాబూ. నాకే నమ్మబుద్ధి కాలేదు."

అలా డిప్పయ్య ఛాంపియన్ అయ్యాడు. నియమం ప్రకారం ముందు నీళ్ళు తాగాల్సింది ఆయనే. ఆయన బయలుదేరాడు. వెనకే అందరూ బయలుదేరారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి డిప్పయ్య ఒక రాయి దాటాడు. రెండో రాయి దగ్గర ఆగి దాన్ని తేరిపార చూశాడు.

"కాస్త తొందరగా నడవండి స్వామీ," అని సుబుద్ధయ్య వీపు మీద తట్టాడు.

తట్టగానే డిప్పయ్య లోపలికి పోయాడు. మళ్ళీ తల బయటికి పెట్టేసరికి పొద్దు వాలింది. మర్నాడూ ఇదే వరస. ఎత్తుకుని పోదామని ఎవరైనా ముట్టుకుంటే చాలు, ఆ పూట ప్రయాణం అక్కడే ఆగిపోయేది. లోపల ముడుచుకున్న ఛాంపియన్‌ను మోసుకుపోతే అది నడక కిందికి రాదని ర్యాంకుల కమిటీ మొదటిరోజే తీర్మానించింది.

"అమ్మా, తాత ఎప్పటికి చేరతాడు?" అని అడిగాడు వరాలమ్మ పెద్దకొడుకు.

"వానాకాలానికి."

"అప్పుడు మనింటి దగ్గరే నీళ్ళుంటాయి కదమ్మా?"

వరాలమ్మ చిన్నదాని వైపు చూసింది. పొద్దుటినుంచీ నీళ్ళు నీళ్ళని ఏడ్చింది, ఇప్పుడు ఏడవడం మానేసింది. పిల్లలు ఏడుస్తుంటే తల్లికి విసుగు. ఏడుపు మానేస్తేనే భయం.

ఆమె నేరుగా కమిటీ దగ్గరికి వెళ్ళింది. "అన్నయ్యగారూ, డిప్పయ్య తాతతో నేను తలపడతాను."

"ఆ హక్కు నంబర్ వన్ కే..." సుబుద్ధయ్య నాలుక పిడచగట్టుకుపోతోంది.

"సరే. ఇప్పుడు నంబర్ వన్ ఎవరు? చిలకమ్మా, ఆ రోజు నువ్వు చెప్పబోయిన రెండో పేరు ఎవరిది?"

"సుబుద్ధయ్యగారిది," అంది చిలకమ్మ. "ఒక్కటీ ఆడలేదు, ఒక్కటీ ఓడలేదు."

అడవంతా సుబుద్ధయ్య వైపు తిరిగింది.

"దిగరా సుబుద్ధీ!" అని వాచిన చెయ్యి ఊపాడు భల్లన్న. "ఆ డిప్ప రుచి నా చేతికి తెలిసింది, నీ పళ్ళకూ తెలియాలి!"

సుబుద్ధయ్య డిప్పయ్యను చూశాడు. భల్లన్న చేతిని చూశాడు. నాలుకతో తన పళ్ళు ఒకసారి తడుముకున్నాడు.

"సోదరులారా!" అని గొంతు పెంచాడు. "మచ్చలేని రికార్డా? ఛీ! అదీ ఒక రికార్డేనా? దెబ్బ తినని ఒంటికి గుద్దులాట ఏం తెలుసు? రెండుసార్లు ఓడి మూడోసారి నిలబడ్డ వరాలమ్మకున్న అర్హత ఎవరికుంది? ముళ్ళపంది ఆ రోజు జలుబులో కూడా ఎంత భయంకరంగా పోరాడాడో మరిచారా? ఉడుమును ఒక్కసారి గెలవడమే గగనం, ఈ తల్లి రెండుసార్లు గెలిచింది! వరాలమ్మే నంబర్ వన్!"

తొండ దానికీ తల ఊపింది.

వరాలమ్మ కొండ వాలులో డిప్పయ్య చుట్టూ గీత గీసింది. ఒంగి, డిప్ప దగ్గర నోరు పెట్టి, "తాతా, నొప్పి తగలనివ్వను. కాస్త ఊగుతుంది, అంతే," అంది.

ఆమె గుద్దలేదు. గడ్డల కోసం నేల తవ్వడం పందికి తల్లిపాలతో వచ్చిన విద్య. ముట్టెతో ఆయన కింద మెల్లగా తవ్వింది. ఒక పక్క పల్లమయ్యేసరికి డిప్పయ్య పక్కకి ఒరిగి, జారి, గీత అవతల ఆగాడు.

ఓడినవాణ్ణి ఆమె అక్కడ వదిలెయ్యలేదు. ఆయనా దాహంతో బయలుదేరినవాడే కదా. పిల్లలు ముట్టెలతో నెడుతుంటే ఆయన జారిపోకుండా తాను వెనకనుంచి అడ్డు నిలిచి, దొన దాకా చేర్చింది. చల్లగాలి తగలగానే డిప్పయ్య తల బయటపెట్టాడు.

"గెలిచానా అమ్మా, ఓడానా?"

"ఓడారు తాతా."

"హమ్మయ్య! ఇక నా చుట్టూ ఎవరూ గీతలు గియ్యరు."

పిల్లలు దొనలోకి మూతులు పెట్టాయి. నీళ్ళ అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయి. చిన్నది తాగి, తల ఎత్తి, అన్న చెవి కొరికింది. అప్పుడు వరాలమ్మ తాను తాగింది.

వెనక కమిటీ చర్చ అప్పుడే మొదలైంది. తవ్వడం గుద్దులాట కిందికి వస్తుందా, రాదా? వాలు సాయం చేస్తే అది సగం గెలుపా? చివరికి చిలకమ్మ పాత అలవాటు కొద్దీ కొత్త ర్యాంకులు ప్రకటించింది.

"ఛాంపియన్, వరాలమ్మ. నంబర్ వన్, ఇప్పటికీ ఓటమి లేని సుబుద్ధయ్యగారు."

వరాలమ్మ మూతి తుడుచుకుని వెనక్కి తిరిగింది. "అన్నయ్యగారూ, బరి ఎప్పుడు గియ్యమంటారు?"

అప్పటికే సుబుద్ధయ్య తోక పొదల్లో కలిసిపోయింది. ఆ పోవడం పోవడం అడవి పొలిమేర దాటాడు. అయితే ఆయన దాటింది పొలిమేర, బరి గీత కాదు. కాబట్టి రికార్డులో ఓటమి పడలేదు. పక్క అడవిలో ఇప్పుడు ఆయన ర్యాంకుల సలహాదారు. అక్కడ అందరూ ఆయన్ని 'ఓటమి ఎరుగని సుబుద్ధయ్య' అనే పిలుస్తారట.

నీతి: ఎన్నడూ ఓడకూడదనుకుంటే బరిలోకి దిగకండి, ర్యాంకులు ఇచ్చే పని చూసుకోండి.

పిల్లలూ, ఈ కథ మీ దగ్గరే ఆగిపోకూడదు. వినని వాళ్ళకు మీరు చెప్పండి. చెప్పేటప్పుడు తాబేలు తాతకు ఏమీ కాలేదని మాత్రం మరిచిపోకుండా చెప్పండి, లేకపోతే చిన్నపిల్లలు నిద్రపోరు.