కోడలి సైన్యం, అత్తగారి డ్రమ్ము

ఆ ఉదయం అత్తగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కోడలు స్నానం ముగించేలోగా సామాన్ల గది దులపాలి, ఆమె వెంట గోదాముకు వెళ్లి ముందు వరసలో నిలబడాలి. పురుగుల పరిశోధనశాలలో పనిచేసే కోడలికి అది పెద్ద రోజు. శనగల గోదాము యజమాని ఎట్టకేలకు ఒక్క అవకాశం ఇచ్చాడు. ఆమె పెంచిన కందిరీగలు పెంకుపురుగుల పని పడతాయని కళ్లారా చూస్తే సరే, లేదంటే సాయంత్రానికి పొగమందు పెట్టిస్తానన్నాడు. కోడలి రెండేళ్ల కష్టం ఆ పూటతో తేలిపోతుంది.

అత్తగారి గొప్ప వేరు. ఆవిడ సామాన్ల గదిలో పురుగన్న మాటే లేదని వీధంతా చెప్పుకుంటుంది. అలా చెప్పుకునేలా చేసింది ఆవిడే.

అర మీద కోడలి డబ్బా కనిపించింది. మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉంది. విప్పి చూస్తే లోపల శనగలు, గింజ గింజకూ చిల్లు. అత్తగారు తల పట్టుకుంది.

“ఇంత చదువుకున్న పిల్ల, పుచ్చు శనగలు పట్టుకుని పదిమందిలోకి వెళ్తుందా! మా ఇంట్లోంచే వచ్చాయనరూ?”

పుచ్చువి తీసేసి, కొత్తగా కొన్న శనగలు డబ్బా నిండా పోసి, గుడ్డ ఎప్పటిలా కట్టేసింది. కళ్లముందు ఏవో నలుసులు ఎగిరితే కొంగుతో విసిరికొట్టింది. పుచ్చువి పెరట్లో పారబోద్దామంటే గోడ మీంచి పక్కింటావిడ చూస్తుంది. అందుకని మూలనున్న పాత డ్రమ్ములో గుమ్మరించి మూత బిగించింది. ఆ మూత ఇంట్లో ఇంకెవరూ తీయరు. ఆవిడ తీయనివ్వదు.

కోడలి గొప్ప చూపిద్దామని పక్కింటావిడను కూడా వెంటబెట్టుకుని మరీ గోదాముకు వెళ్లింది. అక్కడ కూలీలంతా చుట్టూ చేరారు. కోడలు గొంతు సవరించుకుంది.

“ఇవి మనుషుల్ని కుట్టే కందిరీగలు కావండీ. ఆవగింజంత కూడా ఉండవు. గింజ లోపలున్న పురుగు పిల్లని వెతికి దాని మీదే గుడ్డు పెడతాయి. ఆ గుడ్డులోంచి వచ్చింది పురుగుని తినేస్తుంది. ఈ చిల్లుల శనగల్లోనే పెంచాను, చూడండి!”

గుడ్డ విప్పింది. చిల్లూ లేదు, కందిరీగా లేదు. శనగలు నిగనిగలాడుతున్నాయి.

“సైన్యం సెలవులో ఉందా అమ్మా?” అన్నాడు యజమాని. కూలీలు గొల్లుమన్నారు. “సరే, పొగమందు వాళ్లకి ఫోన్ చేస్తాను.”

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూసేసరికి అత్తగారు యజమానికి అడ్డం వచ్చింది.

“ఫోన్ ఆపండి బాబూ! మార్చింది నేను. పుచ్చువనుకున్నాను.”

“అయ్యో అత్తయ్యా! పారేశారా?”

“లేదే, పాత డ్రమ్ములో పోశాను.”

“అందులో పురుగుందా?” కోడలు ఆత్రంగా అడిగింది. “లేకపోతే వాటికక్కడ పనే ఉండదు. ఈయనకి చూపించడానికీ ఏమీ ఉండదు.”

పక్కింటావిడ చెవులు రిక్కించింది. ఇన్నేళ్ల పరువు ఒకవైపు, కోడలి తడి కళ్లు ఒకవైపు. అత్తగారు కొంగు బిగించింది.

“ఉంది. బోలెడుంది. అందులోని పాత శనగలకి ఆర్నెల్లుగా పట్టి ఉంది. పారబోస్తే ఎవరైనా చూస్తారని దాచాను. రండి, చూద్దురుగాని!”

ఇల్లు వెనక వీధిలోనే. గోదాము గోదామంతా కదిలొచ్చింది. డ్రమ్ము మూత తీయగానే పెంకుపురుగులు బిలబిలమంటూ అంచు మీదికి పాకాయి. కోడలు యజమాని చేతికి భూతద్దం అందించింది. గింజల మీద చిన్న చిన్న నల్లటి కందిరీగలు మీసాలతో తట్టి చూసుకుంటూ తిరుగుతున్నాయి. ఒకటి ఆగి, తోక చివరి సూదిని గింజలోకి దింపింది.

“లోపల పురుగుందని దీనికెలా తెలుసమ్మా?” యజమాని గొంతు తగ్గింది.

“వాసన పడతాయండీ.”

భూతద్దం చేతులు మారింది. నవ్విన కూలీలే ఒకరినొకరు తోసుకుంటూ చూశారు. యజమాని ఫోన్ జేబులో పెట్టేశాడు. “పొగమందు వద్దు. గోదాము మీకు అప్పగిస్తున్నాను, రేపే మొదలుపెట్టండి.”

కోడలు అత్తగారిని వాటేసుకుంది. అత్తగారు గర్వంగా పక్కింటావిడ వైపు తిరిగింది.

“చూశావా వదినా, మా కోడలు!”

“అది సరే గానీ వదినా, మీ ఇంట్లో పురుగు...”

“ఉండబట్టే కదా పని జరిగింది! ప్రయోగానికి పనికొచ్చే పురుగు ఈ వీధి మొత్తమ్మీద ఇంకెవరింట్లో ఉంది?”

పక్కింటావిడ ఇంటికెళ్లి డబ్బాలన్నీ వెతుక్కుంది. పాపం, ఒక్క పురుగూ దొరకలేదు.