పరాయి కిడ్నీ

ఆ రోజు పొద్దున సత్యం వేసుకున్న లెక్క చాలా సాదాది. ఎనిమిదిన్నరకల్లా బందరు రోడ్డులోని క్లినిక్‌కి చేరాలి. తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు రక్తం ఇవ్వాలి. తొమ్మిది కొట్టగానే మాత్రలు మింగాలి. పదింటికి వన్‌టౌన్‌లో తన చీరల కొట్టు షట్టరు ఎత్తాలి. ఇందులో ఎక్కడా అక్క లేదు. లెక్క తప్పింది అక్కడే.

ఎనిమిది నెలల క్రితం అతనికి కిడ్నీ మార్చారు. ఇచ్చింది కంకిపాడులో ఉండే అక్క వెంకటరత్నమ్మే. ఆ కిడ్నీ నిలవాలంటే పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి మాత్రలు తప్పకూడదు. అప్పుడప్పుడు రక్తం తీసి, ఒంట్లో మందు ఎంత మిగిలిందో చూస్తారు. ఆ రోజు మాత్రం రక్తం ఇచ్చాకే మాత్ర. ఎందుకని సత్యం అడగలేదు. కొత్త సరుకు దించకముందే కదా పాత స్టాకు చూసుకునేది.

అక్క ఏడింటికే దిగింది. దిగడమే మండిపడుతూ దిగింది. అపార్ట్‌మెంటుకి వారం క్రితం వచ్చిన వాచ్‌మన్ భానుచందర్ ఆమెను గేటు దగ్గర ఆపి, రిజిస్టరు తెరిచి, పేరు, ఊరు, ఎవరిని కలవాలి అని మూడు గళ్ళు నింపితే గాని లిఫ్టు ఎక్కనివ్వలేదు.

"నా తమ్ముడి ఇంటికి నేనొస్తే విజిటర్ అని రాస్తాడా వాడు? వాడి మొహం మండ! ఒరే సత్యం, వాణ్ణి ఇవాళే తీసేయించు."

"పనిలో కొత్తక్కా. నువ్వెవరో వాడికెలా తెలుస్తుంది?" అంటూ సత్యం స్నానానికి వెళ్ళాడు.

అతని భార్య శ్రీదుర్గ వంటింట్లో ఉంది. వెంకటరత్నమ్మ హాల్లో కూర్చుని తమ్ముడి మందుల డబ్బా తెరిచింది. అందులో మడతలు పెట్టిన పొడుగాటి కాగితం ఒకటి కనిపించింది. ఇంగ్లీషు. ఎదురు ఫ్లాటులో రిటైరైన టీచరు తెరేసమ్మ ఉంటుంది. కాగితం ఆమె చేతికి చేరింది. తెరేసమ్మ నలభై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతుతో, ఒక్క ముక్క వదలకుండా, తెలుగులో చదివి వినిపించింది.

"ఈ మందు రోగనిరోధక శక్తిని తగ్గించును."

"ఏంటీ? పెంచునా, తగ్గించునా?"

"తగ్గించునమ్మా. స్పష్టంగా రాశాడు. చేతులు వణుకును. షుగరు వచ్చును. జుట్టు రాలును."

వెంకటరత్నమ్మకు కళ్ళు తిరిగాయి. ఇందాక కాఫీ గ్లాసు అందుకున్నప్పుడు సత్యం వేళ్ళు వణకడం ఆమె చూసింది. కరోనా నాటి నుంచీ లోకమంతా ఇమ్యూనిటీ పెంచుకోండి అని గొంతు చించుకుంటుంటే, ఈ డాక్టరు తన తమ్ముడికి ఉన్నది కూడా తగ్గించే మందు రాశాడన్నమాట!

"ఒళ్ళు కోయించుకుని ఇచ్చానమ్మా నేను. దాన్ని ఇలా తగలేస్తాడా? ఈ విషం తీసుకెళ్ళి ఆ డాక్టరు టేబుల్ మీద పోస్తాను!"

డబ్బాలోని స్ట్రిప్పులన్నీ ఆమె సంచిలోకి వెళ్ళాయి. సత్యం క్లినిక్‌కి పట్టుకెళ్ళే చిన్న పౌచిలోని రెండు మాత్రలూ వెళ్ళాయి. వాటి స్థానంలో, కంకిపాడు నుంచి తమ్ముడి కోసం చేసి తెచ్చిన తిప్పతీగ ఉండలు నాలుగు వేసి జిప్పు లాగింది. మనసు కొంచెం కుదుటపడింది.

తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు సత్యం రక్తం ఇచ్చాడు. తొమ్మిదికి పౌచి తెరిచాడు. పచ్చటి ఉండలు నాలుగు అతని అరచేతిలోకి దొర్లాయి.

"అయ్యో, ఏంటండీ అవి?" అంది నర్సు హన్నా.

సత్యం వాసన చూశాడు. "తిప్పతీగ. మా అక్క."

"నోట్లో పెట్టుకోకండి సార్! అది ఇమ్యూనిటీ లేపుతుంది. మీ మాత్రలేవి?"

క్లినిక్ ఫార్మసీలో ఆ కంపెనీ మాత్ర సాయంత్రానికి గాని రాదట. పక్క షాపులో ఉన్నది వేరే కంపెనీది. డాక్టరుగారు చెప్పకుండా కంపెనీ మార్చకూడదు. ఇదీ సత్యానికి విడమరిచి చెప్పనక్కరలేదు. ఒక లాటు నూలుతో మొదలెట్టిన చీరని వేరే లాటుతో ముగిస్తే రంగు ఎలా తేడా కొడుతుందో అతనికి తెలుసు. ఇంటికి ఫోన్ చేశాడు. హన్నా పక్కనే నిలబడింది. అవతల శ్రీదుర్గ స్పీకరు పెట్టింది.

"వదినగారూ, ఆయన మాత్రలు మీరేమైనా తీశారా?"

"తీశాను. విషం తీశాను."

హన్నా ఫోను లాక్కుంది. "అమ్మా, అది విషం కాదండీ. మీరు ఇచ్చిన కిడ్నీ సార్ ఒంటికి పరాయిది. మాత్ర వేయకపోతే ఒళ్ళు దాన్ని గెంటేస్తుంది."

అవతల్నుంచి వెంకటరత్నమ్మ గొంతు మెల్లగా వినిపించింది. ఆమె మెల్లగా మాట్లాడటమంటే మంచి సూచన కాదు.

"పరాయిదా?"

"అంటే, మెడికల్‌గా అండీ..."

"ఇంటిపేరు మారినంత మాత్రాన నేను పరాయిదాన్నయ్యానా? గేటు దగ్గర వాడు విజిటర్ అన్నాడు. ఇప్పుడు నా తమ్ముడి ఒళ్ళు కూడా అదే అంటోందా?"

శ్రీదుర్గ సర్దిచెప్పబోయింది. "అలా కాదు వదినగారూ. పరాయిది కాబట్టే కదా ఇన్ని మాత్రలు! ముందు అవి ఇచ్చి వెళ్ళండి."

"ఇచ్చి వెళ్ళాలా? కిడ్నీ ఇచ్చానమ్మా! ఇంకేం ఇచ్చి వెళ్ళను?"

తలుపు ధడేలున మూసిన చప్పుడు ఫోనులో సత్యానికి కూడా వినబడింది. తర్వాత శ్రీదుర్గ ఏడుపు గొంతు: "ఏవండీ, సంచితో సహా వెళ్ళిపోయారండీ. మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి."

అక్కకు ఫోన్ చేస్తే కట్ చేసింది. రెండోసారి స్విచాఫ్. తొమ్మిదీ పది. సత్యం మాస్కు బిగించి, ఆటో ఎక్కి, కంకిపాడు బస్సు వెంట పడమన్నాడు. అతనికి ఒళ్ళు మండిపోతోంది. తన ఒళ్ళు అన్న మాటకి తనని దోషిని చేయడమేమిటి? ఇదేం న్యాయం?

పోరంకి దగ్గర బస్సు దొరికింది. జనంలోకి వెళ్ళకండని డాక్టరు చెప్పిన మనిషి, ఊపిరి బిగబట్టి అందులోకి ఎక్కాడు. ఎక్కగానే అర్థమైంది, తను ఆలస్యంగా వచ్చాడని. బస్సు నిండా ఆడవాళ్ళు. అక్క వాళ్ళ ముందు పెట్టిన కేసు విచారణ పూర్తయి, తీర్పు దాకా వచ్చేసింది.

"ఈయనేనా?" అంది పూలబుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ. "ఏమయ్యా, కిడ్నీ ఇచ్చిన తోబుట్టువుని పరాయిది అన్నావంట?"

"నేను అనలేదండీ! నా ఒళ్ళు అంది!"

"ఒళ్ళు నీది కాదా?"

బస్సంతా అవునంది. "ఎక్కడికి?" అన్నాడు కండక్టరు.

"మా అక్క దగ్గరికి."

"ఆ స్టాపు లేదండీ. కంకిపాడు ఇస్తాను."

వెంకటరత్నమ్మ కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తోంది. మొహం తిప్పలేదు. సత్యం ఆమె సీటు పక్కన కమ్మీ పట్టుకు నిలబడ్డాడు. తొమ్మిదీ నలభై.

"అక్కా, పొద్దున నిన్ను గేటు దగ్గర ఆపిందెవరు?"

"ఆ వెధవ."

"ఆపమని నేను చెప్పానా?"

"నువ్వెందుకు చెబుతావు?"

"ఒంట్లో కూడా అలాంటివాడే ఒకడున్నాడక్కా. పరాయి సరుకు ఏదొచ్చినా గెంటడమే వాడి డ్యూటీ. నీ కిడ్నీ వచ్చి ఎనిమిది నెలలైంది. మా అక్కదిరా అంటే వినడు. ఇంకా రిజిస్టరు పట్టుకునే కూర్చున్నాడు. అందుకని రోజూ రెండుసార్లు వాడికి మత్తు పెడుతున్నాను. వాడు పూర్తిగా నిద్రపోతే ఊళ్ళో జలుబులూ జ్వరాలూ నా ఇంట్లోనే పడతాయి. పూర్తిగా మేలుకుంటే నీ కిడ్నీని గెంటేస్తాడు. కునికిపాట్లు పడుతూ ఉండాలి. ఆ లెక్క కుదిరిందో లేదో చూడటానికే ఈ రక్తం తీయడం."

వెంకటరత్నమ్మ తల ఇటు తిప్పింది. "మరి చేతులు వణకడం?"

"వాడికి పెట్టిన మత్తు నాకూ కొంచెం తగులుతుంది."

"నా తిప్పతీగ?"

"నువ్వు వాడికి స్ట్రాంగ్ టీ పట్టుకొచ్చావక్కా."

వెంకటరత్నమ్మ సంచి తెరిచింది. స్ట్రిప్పు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. సత్యం తన సీసాలోని నీళ్ళతో రెండు మాత్రలూ మింగాడు.

"నలభై నిమిషాలు లేటురా. వాడు లేచి ఉంటాడా?"

"కళ్ళు నులుముకుంటూ ఉంటాడు."

అప్పుడే వెనక సీట్లో ఒకాయన దగ్గాడు. వెంకటరత్నమ్మ కొంగు బిగించి లేచింది.

"ఏమయ్యా, ఆ దగ్గేదో దిగి దగ్గు! ఇక్కడ నా కిడ్నీ ఉంది!"

పూలావిడ కూడా వంత పాడింది. రెండు నిమిషాల్లో సత్యం చుట్టూ మూడు సీట్లు ఖాళీ అయ్యాయి. ఇందాక ఉరి వేయబోయిన బస్సే అతన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి కంకిపాడు దాకా కాపలా కాసింది. కొట్టు షట్టరు ఆ రోజు లేవనేలేదు.

రక్తం రిపోర్టు బాగానే వచ్చింది. మూడు వారాల తర్వాత వెంకటరత్నమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి సంచిలో తిప్పతీగ లేదు. ఆమెను దూరం నుంచి చూడగానే భానుచందర్ లేచి నిలబడి, గేటు బార్లా తీశాడు. ఆమె లోపలికి పోలేదు. రిజిస్టరు తెమ్మంది. తనే పెన్ను పట్టుకుని పేరు రాసింది, ఊరు రాసింది. 'ఎవరిని కలవాలి' అన్న గడిలో 'నా కిడ్నీని' అని రాసి, లిఫ్టు ఎక్కింది.