సైరన్ మోగేదాకా

"పట్టణ ప్రజలారా! జాతిపిత వర్ధంతి సందర్భంగా ఈరోజు పదకొండు గంటలకు సైరన్ మోగగానే ఎక్కడివారక్కడ నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించవలెను. మళ్లీ సైరన్ మోగేదాకా ఎవ్వరూ కదలరాదు, మెదలరాదు! ఇట్లు, మున్సిపల్ కమిషనర్!"

మైకు ఆటో వీధిలో ఈ మాట చాటుతున్నప్పుడు చంద్రవ్వ మొగుడి సంచి సర్దుతోంది. అది మూడోసారి సర్దడం. రెండు లుంగీలు, తువ్వాల, సర్వపిండి మూట, మోకాళ్ల నొప్పుల తైలం. పెట్టినవి తీస్తుంది, తీసినవి పెడుతుంది. సంచి జిప్పు పడనంతసేపూ మనిషి ఇంట్లో ఉన్నట్టేనని ఆమె ధైర్యం.

"జిప్పెయ్యవేందే? బస్సేమన్న మీ మేనమామదా, ఆగనీకి?" అని అరిచాడు సాంబయ్య. కోపం వచ్చి కాదు. ముప్పై ఏళ్లు మరమగ్గాల మోతలో నిలబడి చెవులు పోగొట్టుకున్నవాడు మంచినీళ్లు కూడా అరిచే అడుగుతాడు.

"కాయితం తెస్త అంటున్న గదయ్యా!"

"పదకొండున్నర దాక బస్టాండుల చూస్త. నువ్వొస్తే సంచి దించుకుంట. రాకుంటే భివండే!"

కాగితం సంగతి ఇది. సర్కారు బడిపిల్లల బట్ట నేయడానికి ఊళ్లో కొత్త మగ్గాల షెడ్డు తెరుస్తున్నారు. 'ఇతడు ఈ ఊరి నేత కార్మికుడే' అని కమిషనర్ సంతకం పెడితే సాంబయ్యకు అందులో మగ్గం దొరుకుతుంది. పేర్లు పంపడానికి ఆ రోజే ఆఖరు. లేదంటే మహారాష్ట్రలోని భివండిలో సేటు మగ్గమే దిక్కు. ఆ రోజు బస్సెక్కకపోతే అదీ ఇంకొకరి పాలు.

వారం రోజులుగా చంద్రవ్వ ఆఫీసు మెట్లు అరగదీస్తోంది. కమిషనర్ ఓంప్రకాశ్ గారు కాదన్నారా? ఎంత మాట! "మహాత్మునికి నేతగాళ్లంటే పానం అవ్వా. ఆయన కార్యక్రమం కానియ్యి. మౌనం అయిన మరుక్షణం నీ సంతకమే!" అన్నారు.

ఆయన బెంగంతా మౌనం గురించే. మరమగ్గాల ఊళ్లో మౌనం ఎక్కడని దొరుకుతుంది? మనుషులంటే నోళ్లు మూసుకుంటారు గానీ మగ్గాలు మూసుకోవే! నిరుడు ఫోటోలన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి. వీడియోలో మాత్రం మౌనం వినపడలేదట! పై అధికారులు చీవాట్లు పెట్టారు. అందుకని ఈసారి ఆయనకు గొప్ప ఉపాయం తట్టింది. మొదటి సైరన్ ఆగగానే లైన్‌మన్ వెంకటి ఊరంతటికీ కరెంటు తీసేయాలి!

పదకొండయింది. సైరన్ మోగి ఆగింది. వెంకటి కరెంటు తీశాడు. ఊళ్లోని మగ్గాలన్నీ ఒక్కసారిగా చప్పబడ్డాయి. ఆహా, ఏం మౌనం! పక్క వీధిలో ఎవరో ఉల్లిగడ్డ తరుగుతుంటే ఆఫీసు ముందర వినపడింది.

రెండు నిమిషాలు గడిచాయి. అయిదు గడిచాయి. పది గడిచాయి. రెండో సైరన్ మోగలేదు. ఎట్లా మోగుతుంది? అదీ కరెంటుదే!

ఈ సంగతి అక్కడ నిలబడ్డ ప్రతి పెద్దమనిషికీ తెలిసిపోయింది. అయితే ముందు కదిలేదెవరు? అవతలి పార్టీ కౌన్సిలర్ హనుమండ్లు ఫోను పైకి పట్టుకుని వీడియో తీస్తున్నాడు. మొదట తల ఎత్తినవాడే దేశద్రోహి! హనుమండ్లును మరొకడు తీస్తున్నాడు గనుక ఆయనా కదలడానికి లేదు. కమిషనర్ గారి ముక్కు మీద ఈగ వాలింది. స్వతంత్ర భారతంలో ఆ పూట స్వేచ్ఛగా తిరిగిన ప్రాణి అదొక్కటే.

సంతకం కోసం అక్కడే కాచుకున్న చంద్రవ్వ కాగితాన్ని ఆయన కళ్ల ముందు ఆడించింది. ఆయన కనుగుడ్లతోనే ఆమెను గదిమారు.

చివరికి ఆమె గోడవారగా జరుగుతూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి చేరింది. వెంకటి హ్యాండిల్ పట్టుకుని భక్తిగా తల వంచుకున్నాడు.

"ఓ వెంకటీ, కరెంటియ్యి బిడ్డా!"

"సైరన్ మోగినంక ఇస్త చిన్నమ్మా," పెదవులు కదపకుండా గొణిగాడు వెంకటి. "మోగేదాక కదలొద్దని ఆర్డరున్నది."

"నువ్వు కరెంటియ్యకుంటే అదెట్ల మోగుతదిరా?"

"అది నా డ్యూటీ కాదు. సైరన్ చూసేటోళ్లను అడుగు."

"మైకుల ఆ ఆర్డరు నేను సుత విన్న. కరెంటియ్యొద్దని యాడున్నదిరా అండ్ల?"

"ఇయ్యమని సుత లేదు గదా! జర ఊకో, నౌకరి పోతది."

అప్పటికి పదకొండున్నర దాటింది. బస్టాండు వైపు నుంచి హారన్ వినపడింది. దాని వెనకే సాంబయ్య గొంతు! మామూలు రోజుల్లో పక్క షెడ్డుకు కూడా చేరని ఆ కేక ఇవాళ ఊరంతా తేటగా వినపడింది.

"ఒక్క నిమిషం ఆపు భాయ్! మా ఆమె వస్తనన్నది! మాటంటే మాటే, వస్తది!"

మళ్లీ హారన్ మోగింది.

చంద్రవ్వ బస్టాండు వైపు తిరిగి అరిచింది. "ఓ అయ్యా! కాయితం లేకున్నా మానె! గంజి తాగి బతుకుదాం! దిగయ్యా, దిగూ!"

ఆ మాట ఊరంతా విన్నది. ఉల్లిగడ్డ తరుగుతున్న ఆవిడా విన్నది. సాంబయ్య ఒక్కడికే వినపడలేదు. బస్సు కదిలిన చప్పుడు కూడా అందరికీ వినపడింది.

ఉలిక్కిపడ్డ వెంకటి హ్యాండిల్ ఎత్తాడు. సైరన్ గొల్లుమంది. మగ్గాలు అందుకున్నాయి. పెద్దలందరూ హమ్మయ్య అని నడుములు పట్టుకుని, ఆ వెంటనే కోపం తెచ్చుకున్నారు. "ఎవలది? మహాత్ముని కోసం జరసేపు నోరు మూసుకోరాదా?"

చంద్రవ్వ కాగితం చాపింది. కమిషనర్ గారు మాట తప్పే మనిషి కారు, కలం తీశారు. "మనిషేడి?"

"బస్సెక్కిండు సారూ. సంతకం వెట్టుండ్రి, ఎట్లన్న చేసి ముందటి బస్టాండుల దింపుకుంట!"

కమిషనర్ గారు కలానికి మూత పెట్టారు. "ఊళ్లనే లేనోన్ని ఈ ఊరి కార్మికుడని ఎట్ల రాయాలె అవ్వా? అబద్ధం రాయనీకి ఇయ్యాల్టి దినమే దొరికిందా? అదీ సత్యమే దైవమన్న మహాత్ముని వర్ధంతి నాడు!"

ఆ సాయంత్రమే ఆయన పైకి నివేదిక పంపారు. 'మా పట్టణ ప్రజలు భక్తితో, స్వచ్ఛందంగా, నలభై నిమిషాలు మౌనం పాటించారు.' ఉగాదికి ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది. దాని మీద మూడు సంతకాలున్నాయి.

సాంబయ్య తిరిగి రాలేదు. ఆ ఏడు జూలై పదకొండున భివండిలో, మగ్గం దగ్గర పడిపోయి చనిపోయాడు.